పదకొండో గడి

ఫారంలో ఇరవై రెండు గడులు ఉన్నాయి. పదకొండో గడి 'చేసే పని'. పన్నెండో గడి 'చేతితో చేసే ఇతర పనులు'. కొత్తపర్రులో ముప్ఫై ఎనిమిది మంది ఆడవాళ్ళ ఫారాలను ప్రశాంతి నింపింది. అన్నిటిలోనూ పదకొండో గడిలో 'గృహిణి' అని రాసి, పన్నెండో గడిలో గీత గీసింది. వాటిలో ఇరవై మూడో ఫారం వాళ్ళమ్మ మంగతాయారుది.

ప్రశాంతికి ఇరవై ఏడేళ్ళు. నరసాపురంలో డిగ్రీ చదివింది. భాషా ప్రయోగశాల వాళ్ళు ఊళ్ళోని తుఫాను షెల్టరులో దిగినప్పుడు అక్కడ ఫీల్డ్ అసిస్టెంటుగా చేరింది. ఫారాలు నింపడం ఆమె మొదటి పని.

తల్లి ఫారం నింపిన రోజున మంగతాయారు అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో దారపుండ, చేతిలో లేసు సూది.

"పనేంటని రాయనమ్మా?" అని ప్రశాంతి అడిగింది.

"పనేంటే? ఇంటికాడేగా ఉంటాను. ఊరికే కూర్చున్నదాన్ని పట్టుకుని పనేంటంటావు."

సూది ఆగలేదు. ప్రశాంతి రాసుకుని పక్కింటికి వెళ్ళింది.

ఆ ఊళ్ళో ఎవరినడిగినా అదే జవాబు వచ్చేది. పని అంటే చేలో చేసేది, రొయ్యల చెరువు మీద చేసేది, బడిలో చేసేది. లేసు వంట అయ్యాక కూర్చున్నప్పుడు అల్లేది. మంగతాయారు తొమ్మిదో ఏట సూది పట్టుకుంది. ఇప్పుడు యాభై నాలుగు. ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే ఏమీ లేదనే చెబుతుంది. జనాభా లెక్కల వాళ్ళు వచ్చినప్పుడూ అలాగే చెప్పింది.

ప్రయోగశాలను నడిపేది డాక్టర్ సలోమి. ఆమెది గుంటూరు. మొదటి రోజున ఆడవాళ్ళను షెల్టరులో చాపల మీద కూర్చోబెట్టి, ఒకామెకు ముగ్గుపిండి ఇచ్చి ముగ్గు వెయ్యమంది. వేస్తుండగా కూతురి పెళ్ళి సంగతి అడిగింది. ఆమె పెళ్ళి కబుర్లు చెబుతూనే పదిహేను చుక్కల ముగ్గు పూర్తి చేసింది.

"మీరు మాట్లాడారు. ముగ్గు ఎవరు వేశారు?" అని డాక్టరు అడిగింది.

ఆడవాళ్ళు నవ్వారు.

ఆలోచించకుండా చెయ్యి చేసే పనులను మెదడు ఒక చోట దాచుకుంటుందని, చిన్నప్పుడు వచ్చిన భాషలో మాటల్ని పేర్చే తీరు కూడా అక్కడే ఉంటుందని సలోమి చెప్పింది. పెద్దయ్యాక నేర్చుకునే వ్యాకరణం అక్కడికి చేరదు. అందుకే బట్టీ పట్టాలి, మర్చిపోవాలి. తలకు కట్టే పట్టీ దాన్ని తిన్నగా అక్కడికి పంపుతుంది. రోజుకు నలభై నిమిషాల చొప్పున ఇరవై ఒక్క రోజులు. మాటలు మాత్రం ఎవరికి వాళ్ళే నేర్చుకోవాలి. వాటికి నోటుబుక్కులు ఇచ్చారు, రోజుకు ఇరవై మాటలు. యాభై దాటినవాళ్ళకు కూడా పట్టీతో ఇంగ్లీషు వస్తుందని చూపించడం కొత్తపర్రు ప్రయోగం ఉద్దేశం.

ఆ చోటు చిన్నది. కొత్త వ్యాకరణం చేరాలంటే అక్కడున్న పాతది ఏదో పక్కకు జరగాలి. ఈ సంగతి సలోమికి తన మీదే తెలిసింది. ఆరేళ్ళ కిందట ఆమె పట్టీ మొదటగా తనకే కట్టుకుని ఫ్రెంచి నేర్చుకుంది. మూడో వారం చర్చిలో హార్మోనియం ముందు కూర్చుంటే వేళ్ళు కదల్లేదు. అప్పటినుంచి ప్రతి ప్రయోగానికీ ముందు ఒక గుర్తుల రోజు పెట్టింది. ఆ రోజు ఎవరి పని వాళ్ళు పట్టీ కట్టుకుని చెయ్యాలి. పని చేస్తుంటే ఏ భాగం వెలుగుతుందో మిషను గుర్తు పెట్టుకుని తాళం వేస్తుంది. తాళం లేని చోట భాషను పెడుతుంది. పక్క ఊళ్ళో తమిళం నేర్చుకున్న దర్జీ కుట్టు మిషను మోసుకొచ్చాడు. జర్మన్ నేర్చుకున్న డోలు విద్వాంసుడు గంటసేపు వాయించాడు. ఇద్దరికీ ఏమీ పోలేదు.

ఎవరి పని ఏదో ఫారంలోని పదకొండు, పన్నెండు గడులు చెబుతాయి. గృహిణులకు ఐదు పనుల జాబితా ఉంది. కూరలు తరగడం, చపాతీ ఒత్తడం, చీర కట్టడం, జడ వెయ్యడం, ముగ్గు. కొత్తపర్రు ఆడవాళ్ళు ఐదూ చేశారు. ప్రశాంతి స్టాప్‌వాచీ పట్టుకుంది. మిషను ఉన్న బల్ల మీద లేసు గుడ్డ పరిచి ఉంది. ప్రారంభం రోజున ఆడవాళ్ళు డాక్టరుకు కానుకగా ఇచ్చిన గుడ్డ అది. మంగతాయారు అల్లింది.

మంగతాయారు ఈ ప్రయోగంలో చేరడానికి కారణం ఆ గుడ్డ మీది పువ్వు. ఊళ్ళో అందరూ ఎనిమిది రేకుల పువ్వు అల్లేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ కిందట తుఫానుకు మూడు రోజులు ఇదే షెల్టరులో ఉన్నప్పుడు ఆమె తొమ్మిది రేకులది అల్లింది. ఎనిమిది రేకులైతే పువ్వుకీ పువ్వుకీ మధ్య సందు మిగిలి గుడ్డ లాగేది. తొమ్మిదో రేకు ఆ సందును మూసింది. లేసు ఏజెంటు త్రిమూర్తులు దాన్ని నరసాపురం తీసుకువెళ్ళాడు. మరుసటి ఏటినుంచి అది 'త్రిమూర్తులు పువ్వు'. విదేశీ కంపెనీ కేటలాగులో దాని నంబరు 214.

ఏటా ఆ కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు త్రిమూర్తులు ఇంగ్లీషులో మాట్లాడేవాడు. మంగతాయారు వెనకాల నిలబడేది. ఏమన్నారని ఆమె అడిగితే, ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఊరికే కూర్చోలేక చేస్తారని చెప్పానండి అనేవాడు. అబద్ధం చెప్పే మనిషి కాడు. అతనికి అలాగే తెలుసు.

కంపెనీ మనిషి ఈసారి వచ్చేలోపు ఆ పువ్వు నాదని నా నోటితో చెప్పాలని ఆమె కూతురితో అంది. ఇంకెవరితోనూ అనలేదు.

ఏడో తరగతిలో ఇంగ్లీషు మాస్టారు ఒక వాక్యం ఇచ్చి తిరగేసి చెప్పమంటే చెప్పలేక ఆమె ఒక పూటంతా బెంచీ మీద నిలబడింది. ఆ ఏడాదే బడి మానేసింది. పట్టీ కట్టిన తొమ్మిదో రోజున, ప్రశాంతి ప్రయోగశాలకు రిపోర్టు టైపు చేస్తుంటే వెనకనుంచి చూసి మూడో లైను తప్పని చెప్పింది.

"ఎందుకు తప్పు?"

"ఏమోనే. అలా వినబడట్లేదు."

ప్రశాంతి చూసుకుంది. తప్పే. డిగ్రీ వాళ్ళకి ఎవరు చెప్పారే ఇంగ్లీషు అని మంగతాయారు లోపలికి వెళ్ళింది.

ఆమె భర్త ఏడుకొండలు రొయ్యల చెరువు మీద మేత వేస్తాడు. అన్నం తింటూ అదంతా విన్నాడు.

"ఇకనుంచి నన్ను ఇంగ్లీషులో తిట్టవే. నీకు కసి తీరుద్ది, నాకర్థం కాదు. ఇద్దరికీ హాయి."

మంగతాయారు ఇంగ్లీషులో ఒక వాక్యం అంది. ప్రశాంతికి నవ్వొచ్చింది. అర్థం చెప్పమని ఆయన రెండుసార్లు అడిగాడు. ఇద్దరూ చెప్పలేదు.

త్రిమూర్తులు ప్రతి మంగళవారం మోపెడ్ మీద వచ్చి దారం ఇచ్చి లేసు తీసుకువెళతాడు. పదహారో రోజు మంగళవారం. ఆ సాయంత్రం సంచీ సగం కూడా నిండలేదు. షెల్టరు దగ్గర ప్రశాంతి కనబడితే మోపెడ్ ఆపాడు.

"మీ మిషనోళ్ళు వచ్చాక ఊళ్ళో లేసు తెగట్లేదమ్మా. మావోళ్ళందరూ దొరసానులైపోయారు. ఇచ్చిన దారం ఇచ్చినట్టే ఉంది."

ఎవరింట్లో అని ప్రశాంతి అడిగింది. అతను వేళ్ళ మీద పేర్లు చెప్పుకుపోయాడు. నాలుగో పేరు మంగతాయారు.

ఇంటికి వెళ్ళేసరికి తల్లి అరుగు మీద ఉంది. ఒళ్ళో దారపుండ ఉంది. సూది చేతిలో ఉంది. దారం సూదికి చుట్టి ఉంది. ప్రశాంతి చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, వచ్చి పక్కన కూర్చుంది. అప్పటికీ సూది కదల్లేదు.

"కళ్ళు కనబడట్లేదా?"

"కనబడుతున్నాయి."

"మరి?"

"ఇదివరకు చెయ్యి నన్ను అడిగేది కాదు. ఇప్పుడు అడుగుతుంది."

ఎప్పటినుంచని ప్రశాంతి అడిగింది. పన్నెండో రోజునుంచి నెమ్మదించిందని, పధ్నాలుగో రోజున అల్లింది విప్పాల్సి వచ్చిందని, నిన్నటినుంచి మొదలే రావడం లేదని మంగతాయారు చెప్పింది. వయసని అనుకుందట. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ప్రశాంతి ముప్ఫై ఎనిమిది ఇళ్ళకీ వెళ్ళింది. ఒక్కొక్కరినీ పది గొలుసు కుట్లు వెయ్యమంది. లేసు వచ్చినవాళ్ళు ముప్ఫై నలుగురు. వాళ్ళలో ముప్ఫై ఒక్క మంది ఒక్క కుట్టూ వెయ్యలేకపోయారు. ఒకామె కీళ్ళవాతం అనుకుంది. ఇంకొకామె దిష్టి తీయించుకుంది. ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు. అల్లగలిగిన ముగ్గురి మెదడులో భాష దేని చోట కూర్చుందో ఎవరూ అడగలేదు. వాళ్ళకూ తెలియదు.

డాక్టరు సలోమి ఫారాలు తెప్పించుకుంది. పదకొండో గడి, పన్నెండో గడి చూస్తూ ముప్ఫై ఎనిమిదీ తిప్పింది. తర్వాత ఇరవై మూడో దాన్ని పైకి తీసింది.

"ఇది మీ అమ్మగారిది కదా?"

"అవును మేడమ్."

"లేసు అల్లుతారని నీకు తెలుసు."

"తెలుసు మేడమ్."

"మరి?"

"అది పని కింద అనుకోలేదండి."

సలోమి ఫారాన్ని బల్ల మీద పెట్టింది. పెట్టాక దాని కింద ఉన్న గుడ్డను చూసింది. మిషను కింద ఆ గుడ్డ నెలా పది రోజులుగా ఉంది. దాని మీదే ఆమె కప్పు పెట్టుకుంటుంది. కప్పు తీసి పక్కన పెట్టింది. తర్వాత, ఫారంలో నీ సంతకం పక్కన నా సంతకం కూడా ఉంది అంది.

ఆ మధ్యాహ్నం షెల్టరులో అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. తన హార్మోనియం సంగతి కూడా చెప్పింది. మళ్ళీ వస్తుందా అని వెనకనుంచి ఒకామె అడిగింది. పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పింది. కొత్తగా నేర్చుకోవచ్చు. తొమ్మిదేళ్ళ పిల్ల నేర్చుకున్నట్టు మొదటినుంచి, కానీ అంత త్వరగా రాదు. మీకు వచ్చిందా అని అదే ఆమె అడిగింది. రాలేదని సలోమి చెప్పింది. ఆరేళ్ళుగా రెండు పాటలు వచ్చాయంది.

ప్రయోగాన్ని ఆ రోజుతో ఆపేయవచ్చు. ఆపితే సగం చేరిన ఇంగ్లీషు నెలలో పోతుంది, ఖాళీ అయిన చోటికి లేసు మాత్రం రాదు. కొనసాగిస్తే ఉన్న ఇంగ్లీషు నిలుస్తుంది, ఇంకేమీ పోదు. ఎవరి నిర్ణయం వాళ్ళది. పది మంది పట్టీలు తిరిగి ఇచ్చి వెళ్ళిపోయారు. ఎవరూ గొడవ చెయ్యలేదు. ఒకామె పోతూ పోతూ చాపలు చుట్టి గోడకు ఆనించింది.

ప్రశాంతి తల్లిని ఇంటికి రమ్మంది.

"ఇంకా ఐదు రోజులే కదే," అంది మంగతాయారు.

"అమ్మా, నేను రాసుంటే..."

"రాయలేదు. సగం ఇంగ్లీషు పెట్టుకుని నేనేం చేసుకోను? ఉన్నదన్నా పూర్తిగా ఉండనీ."

ఆమె వెళ్ళి కుర్చీలో కూర్చుంది. పట్టీ కట్టాల్సింది ప్రశాంతే. కట్టింది. మిషనులో నలభై నిమిషాలు పెట్టింది.

కంపెనీ మనిషి మూడు వారాల తర్వాత వచ్చింది. జర్మనీ ఆవిడ, పేరు మార్లీస్. త్రిమూర్తులు తన గోదాములో లేసు గుడ్డలు తాడు మీద ఆరేశాడు. ఈసారి కేటలాగులో అల్లేవాళ్ళ పేర్లు, చేతుల ఫోటోలు వెయ్యాలని కంపెనీ అనుకుందట. కెమెరా కూడా తెచ్చింది.

త్రిమూర్తులు 214 చూపించి, ఎప్పుడూ చెప్పేది మొదలుపెట్టాడు. మంగతాయారు వెనకనుంచి ముందుకు వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడింది. ఆ పువ్వు తానే కనిపెట్టానని, పద్దెనిమిదేళ్ళ కిందట తుఫాను షెల్టరులో మొదటిది అల్లానని, ఎనిమిది రేకులతో గుడ్డ ఎందుకు లాగేదో, తొమ్మిదో రేకు ఏం చేసిందో చెప్పింది. ఆరేడు వాక్యాలు. ఎక్కడా తడుముకోలేదు. మార్లీస్ ఇంగ్లీషు ఆమె ఇంగ్లీషు కంటే తక్కువ. ఒక వాక్యం మళ్ళీ చెప్పించుకుంది.

త్రిమూర్తులు తెలుగులో, "అదేంటండి మంగతాయారుగారూ, నాతో ఎప్పుడూ అన్లేదే మీరు," అన్నాడు.

"మీరు అడగలేదండి."

"ఆయ్. అదీ నిజమేననుకోండి."

మార్లీస్ సంతోషించింది. బల్ల మీదినుంచి సూది, దారం తీసి మంగతాయారు చేతికిచ్చింది. ఒక్క పువ్వు చాలంది. కెమెరా సరిచేసుకుంది.

మంగతాయారు సూదిని ఎలా పట్టుకోవాలో అలాగే పట్టుకుంది. దారం చూపుడువేలికి చుట్టింది. అక్కడ ఆగింది. ప్రశాంతి గోడ దగ్గర నిలబడి ఉంది. గోదాములో పన్నెండు మంది ఉన్నారు. ఎంతసేపు గడిచిందో ప్రశాంతికి తెలుసు, గోడ గడియారం ఎదురుగా ఉంది. రెండు నిమిషాలు.

అప్పుడు మంగతాయారు ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పింది. దీన్ని నేనే చేశాను. ఇప్పుడు నాకు చేతకాదు.

మార్లీస్ త్రిమూర్తులు వైపు చూసింది. అతను వెంకాయమ్మను ముందుకు పిలిచాడు. వెంకాయమ్మ మంగతాయారు పక్కింటి ఆమె. చదువంటే భయమని ప్రయోగంలో చేరలేదు. సూది తీసుకుని తొమ్మిది రేకులూ పన్నెండు నిమిషాల్లో అల్లింది. అల్లుతున్నంతసేపూ చేతిని చూడలేదు, మంగతాయారునే చూసింది. చివరి కుట్టు వేసి, ఇది ఈవిడ నేర్పిందేనండి, నాదేం లేదు అంది.

ఏమంటోందని మార్లీస్ అడిగింది. త్రిమూర్తులుకు ఆ వాక్యం కుదరలేదు. మంగతాయారునే చెప్పమన్నాడు.

ఇది ఈవిడ నేర్పింది, తనదేమీ లేదు అంటోంది, అని మంగతాయారు ఇంగ్లీషులో చెప్పింది. 'ఈవిడ' అన్నచోట వేలు తనవైపు పెట్టింది.

మార్లీస్ తల ఊపింది. మీ ఇంగ్లీషు చాలా బాగుంది, మీరు టీచరా అని అడిగింది. కాదని మంగతాయారు చెప్పింది. తర్వాత గంటన్నర మిగతా ఆడవాళ్ళ మాటలు ఇంగ్లీషులో, మార్లీస్ మాటలు తెలుగులో చెప్పింది. ఆ పని చెయ్యగలిగినవాళ్ళు అక్కడ ఇంకెవరూ లేరు.

తల్లీకూతుళ్ళు ఇంటికి నడిచారు. కాలవ వంతెన దగ్గర మంగతాయారు, వెంకాయమ్మ చివరి రేకు బిగించి అల్లుతుంది, కాస్త వదులు పెట్టాలి అంది.

కేటలాగు మూడు నెలలకు వచ్చింది. త్రిమూర్తులు పువ్వు అనే పేరు తీసేశారు. 214 పక్కన వెంకాయమ్మ చేతుల ఫోటో, వెంకాయమ్మ పేరు ఉన్నాయి. చివరి పేజీలో కృతజ్ఞతల కింద, అనువాదం చేసినవారు అని మంగతాయారు పేరు వేశారు. ఆమె పేరు అచ్చులో రావడం అదే మొదటిసారి. ఏడుకొండలు ఆ పేజీని చెరువు మీద అందరికీ చూపించాడు.

ఆ వారమే ప్రయోగం చివరి ఫారాలు వచ్చాయి. అవే ఇరవై రెండు గడులు. ముందు ఫారంతో పోల్చి చూడటానికి అవి కావాలి. మంగతాయారు అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఏమీ లేదు. ప్రశాంతి ఎదురుగా కూర్చుని పేరు, వయసు, ఊరు నింపింది. పదకొండో గడి వచ్చింది. అడగకుండానే 'లేసు అల్లిక' అని రాసింది.

"ఏం రాశావు?" అని మంగతాయారు అడిగింది.

ప్రశాంతి చెప్పింది.

"కొట్టెయ్."

"అమ్మా."

"వచ్చినప్పుడు రాయలేదు. రానప్పుడు రాస్తే అబద్ధమవుద్ది. వాళ్ళు దాన్ని చూసి లెక్కలేసుకుంటారు. కొట్టెయ్."

ప్రశాంతి కొట్టేసింది. గడి చిన్నది. కొట్టేసినదాని పైన ఉన్న చోట్లో 'గృహిణి' అని రాసింది. పన్నెండో గడిలో గీత గీసింది. పదమూడో గడి 'వచ్చిన భాషలు'. తల్లి తెలుగు అంది, ఇంగ్లీషు అంది. ప్రశాంతి రెండూ రాసుకుంది.